సున్నపు రాయి నుంచి పాలచెంబు దాకా

(సభ్య సంఘాల సమావేశంలో డెయిరీ ప్రయోగశాల రసాయనజ్ఞుడు చేసిన ప్రసంగ పాఠం)



రసాయన శాస్త్రం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ పేరు వినగానే వెనక వరుసలో ఒక పెద్దాయన పక్కాయనతో "ఇంక మనం కాసేపు కునుకు తీయవచ్చు" అన్నారు. నాకు వినపడింది. ఆయనను తప్పుపట్టను. బడిలో మనకు ఈ శాస్త్రం చెప్పిన తీరు అలాంటిది. కాని నేనివాళ కొత్త సంగతులేవీ చెప్పబోవడం లేదు. మీ కొట్టంలో, మీ బావిలో, మీ పాలక్యానులో రోజూ జరుగుతున్న పనులకే పేర్లు చెబుతాను. దానికి ఒక్క వస్తువును పట్టుకుని బయలుదేరుదాం. అది సున్నం.

రాయి కాలితే ఏమవుతుంది?

పల్నాడులో పిడుగురాళ్ళ తెలియనివారు మనలో ఉండరు. అక్కడి బట్టీల్లో సున్నపు రాయిని కాలుస్తారు. మట్టీ మశానం లేని శుద్ధమైన రాయి వంద కిలోలు తీసుకుని పూర్తిగా కాలిస్తే చేతికొచ్చే రాతిసున్నం 56 కిలోలు. మరి తక్కిన 44 కిలోలు ఏమైనట్టు? "కాలిపోయింది" అంటాం. కాలిపోయి ఎక్కడికి పోయింది? అది బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసింది. ఆ వాయువును పట్టి తూచగలిగితే సరిగ్గా 44 కిలోలు తూగుతుంది. ఎక్కడా ఒక్క గ్రాము పోలేదు.

ఈ లెక్క ఇంత కచ్చితంగా ఎందుకు వస్తుందంటే, లోకంలోని వస్తువులన్నీ పరమాణువులనే అతి సూక్ష్మమైన రేణువులతో అయినవి. ఒకే జాతి పరమాణువులున్న పదార్థాన్ని మూలకం అంటారు. ఇప్పటికి తెలిసిన మూలకాలు 118. సున్నపు రాయిలో మూడే మూలకాలున్నాయి: కాల్షియం, బొగ్గు జాతికి చెందిన కార్బన్, మనం పీల్చే గాలిలో ఉండే ఆక్సిజన్. ఒక కాల్షియం పరమాణువుకు ఒక కార్బన్, మూడు ఆక్సిజన్ చొప్పున ఇవి ముడిపడి ఉంటాయి. ఇలా నిర్ణీతమైన పాళ్ళలో ముడిపడిన దాన్ని సమ్మేళనం అంటారు. బట్టీ వేడికి ఆ ముడి విడిపోతుంది. కార్బను రెండు ఆక్సిజన్‌లను వెంటబెట్టుకుని గాలిలోకి పోతుంది. కాల్షియం మిగిలిన ఒక ఆక్సిజన్‌తో రాతిసున్నంగా ఉండిపోతుంది. దీన్నే రసాయన చర్య అంటారు. అందులో పరమాణువులు పుట్టవు, చావవు. జతలు మారతాయి, అంతే.

ఆ రాతిసున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. ఇది రెండో చర్య. దాన్ని గోడకు వేస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. ఇది మూడో చర్య. చివరకు గోడమీద మిగిలింది ఏమిటనుకున్నారు? మళ్ళీ సున్నపు రాయే! పిడుగురాళ్ళలో విడిపోయిన జత మీ ఇంటి గోడమీద తిరిగి కలిసింది.

సమ్మేళనం వేరు, మిశ్రమం వేరు. జొన్నలూ కందులూ కలిపితే మిశ్రమం. ఏ పాళ్ళలోనైనా కలపవచ్చు, మళ్ళీ ఏరవచ్చు. జొన్న జొన్నగానే, కంది కందిగానే ఉంటుంది. పాలలో నీళ్ళు పోస్తే అదీ మిశ్రమమే. పాల గుణం మారదు, పలచబడుతుంది. అందుకే లాక్టోమీటరు దాన్ని పట్టిస్తుంది. సమ్మేళనం సంగతి అలా కాదు. ముడిపడిన తర్వాత పాత గుణం మచ్చుకైనా కనపడదు.

ఉప్పు చెప్పే పాఠం

దీనికి చినగంజాం ఉప్పే సాక్ష్యం. ఉప్పులో ఉన్నవి రెండు మూలకాలు, సోడియం, క్లోరిన్. సోడియం మెత్తని లోహం. నీళ్ళలో వేస్తే భగ్గున మండుతుంది. క్లోరిన్ ఊపిరితిత్తులను కాల్చే విషవాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, దాన్ని సైనికుల మీదకు వదిలారు. ఈ రెండూ కలిస్తే మనం పప్పులో వేసుకునే ఉప్పు! ఇదెలా సాధ్యం?

పరమాణువు మధ్యలో ధనావేశం గల కేంద్రకం ఉంటుంది. దాని చుట్టూ రుణావేశం గల ఎలక్ట్రాన్లు వరుసలు వరుసలుగా ఉంటాయి. రెండు ఆవేశాలూ సమానం కనుక మొత్తం మీద సరిపోతుంది. సోడియానికి 11 ఎలక్ట్రాన్లు. అందులో పదీ నిండిన వరుసల్లో ఉంటే, ఒక్కటి మాత్రం బయట ఒంటరిగా ఉంటుంది. క్లోరిన్‌కు 17. దాని చివరి వరుస నిండడానికి ఒక్కటి తక్కువ. ఇది ఇస్తుంది, అది పుచ్చుకుంటుంది. ఇచ్చినదానికి ధనావేశం మిగులుతుంది, పుచ్చుకున్నదానికి రుణావేశం వస్తుంది. ఇలా ఆవేశం వచ్చిన పరమాణువునే అయాను అంటారు. ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని ఉప్పు స్ఫటికంగా కూడుకుంటాయి.

మన కథానాయకుడైన కాల్షియానికి 20 ఎలక్ట్రాన్లు. అది రెండింటిని ఇచ్చివేస్తుంది. అంత సులువుగా ఇచ్చేస్తుంది కనుకనే ప్రకృతిలో ఒంటరి కాల్షియం లోహం దొరకదు. 1808లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు సున్నం నుంచి విద్యుత్తు సాయంతో దాన్ని మొదటిసారి విడదీశాడు. మనకు కాల్షియం ఎప్పుడూ అయానుగానే, ఎవరో ఒకరితో జతగానో, నీటిలో కరిగి విడిగానో ఎదురవుతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. ఉప్పు నీళ్ళలో కరిగినప్పుడు దాని అయాన్లు విడివిడిగా తిరుగుతాయి. నీళ్ళు అద్దంలా తేటగానే ఉంటాయి. గుడ్డతో వడపోస్తే అయాను ఆగదు. మరగబెడితే ఆవిరైపోదు. తేటగా ఉన్న నీటిలో ఏముందో కంటికి తెలియదు. ఈ మాటతో మనకు తర్వాత పని పడుతుంది.

ఈనిన గేదె ఎందుకు పడిపోయింది?

మూడో ఈతో నాలుగో ఈతో, పాల దండి గేదె. ఈని ఒకటి రెండు రోజులైంది. తెల్లవారేసరికి లేవలేదు. చెవులు చల్లబడ్డాయి, మెడ డొక్కవైపు తిప్పి పడుకుంది. మనవాళ్ళు దిష్టి అంటారు, గాలి అంటారు. ఇది పాలజ్వరం. పేరులో జ్వరముందిగాని ఒంట్లో వేడి తగ్గుతుంది.

జరిగింది ఏమిటంటే, లీటరు గేదె పాలలో కాల్షియం రెండు గ్రాములకు దగ్గరగా ఉంటుంది. జున్నుపాలలో ఇంకా ఎక్కువ. పది లీటర్లు పితికితే ఇరవై గ్రాముల చొప్పున పోయినట్టే. ఆ గేదె రక్తంలో ఏ వేళనైనా తిరిగే కాల్షియం మాత్రం కొద్ది గ్రాములే. ఎముకల్లో కిలోల కొద్దీ ఉంది. కాని అది భాస్వరంతో ముడిపడిన సమ్మేళనం, గాదెలో పోసి తాళం వేసిన ధాన్యం లాంటిది. కండరం కదలడానికి కావలసింది రక్తంలో తిరిగే అయాను. గాదె తాళం తీసేలోపు చేతిలోది అయిపోయింది. గేదె పడిపోయింది.

పశువైద్యుడు వచ్చి కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసా రక్తనాళంలోకి ఎక్కిస్తాడు. చాలాసార్లు ఆ సీసా పూర్తయిన కాసేపటికే గేదె లేచి నిలబడుతుంది. మంత్రం వేసినట్టుంటుంది. వేసింది మంత్రం కాదు, తక్కువైన అయాన్లను పోశారు. అయితే దాన్ని తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఎవరి చేతనంటే వారి చేత ఎక్కించకండి. పడి ఉన్న గేదెకు గొట్టంతో మందులు, కషాయాలు పోయకండి. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకొక మాట, చూడి చివరి రెండు మూడు వారాల్లో ముందుజాగ్రత్త అనుకుని కాల్షియం టానిక్కులు అదేపనిగా తాగించవద్దు. బయటినుంచి ధారాళంగా వస్తుంటే ఎముకల గాదె తాళం తీసే అలవాటు తప్పుతుంది. ఈనిన తర్వాత అవసరం పడ్డప్పుడు ఆలస్యమవుతుంది.

విరిగిన పాలు, కప్పిన పులుపు

ఇప్పుడు క్యాను దగ్గరకు వద్దాం. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు సన్నని ఉండలుగా తేలుతుంటుంది. ఆ ఉండలను లోపల పట్టి ఉంచే సిమెంటు కాల్షియం ఫాస్ఫేటు. ఉండలన్నింటి మీదా రుణావేశం ఉండటం వల్ల ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. పాలు పాలుగా ఉండటానికి కారణం ఇదే.

ఎండాకాలం సాయంత్రం పితికిన పాలు కేంద్రానికి చేరడం ఆలస్యమైతే సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. ఒక్క చక్కెర అణువు నుంచి నాలుగు ఆమ్లపు అణువులు పుడతాయి. ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్లు విడుదలవుతాయి. అవి ధనావేశం గలవి. కేసీన్ మీది రుణావేశాన్ని అవి చల్లార్చుతాయి, సిమెంటులోని కాల్షియాన్ని కరిగించి బయటికి లాగుతాయి. తోసుకునే శక్తి పోయిన ఉండలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పూర్తిగా జరిగితే పెరుగు. సగంలో ఉన్న పాలను పొయ్యిమీద పెడితే విరుగుడు. కేంద్రంలో కుర్రవాడు పరీక్ష గొట్టంలో కాసిని పాలు పోసి వేడిచేసి చూసేది ఇందుకే.

ఇక్కడే కొందరు సోడా చిటికె వేస్తారు. నేను ఎవరినీ వేలెత్తి చూపను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కేంద్రంలో వరసగా మూడు రోజులు ఒకే క్యాను పాలు పట్టుబడ్డాయి. తెచ్చిన అక్కను అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పాలు తిప్పి పంపితే ఆ వారం దాణా అప్పు ఎట్లా తీర్చను బాబూ? సోడా ఇడ్లీల్లో వేసుకోవడం లేదా?" అంది. ఆమె ప్రశ్నకు ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెబుతాను.

సోడా ఆమ్లంతో కలిస్తే సోడియం లాక్టేటు, నీరు, బొగ్గుపులుసు వాయువు పుడతాయి. పులుపు అణగుతుంది. దీన్ని తటస్థీకరణ అంటారు. పాలు విరగవు, నిజమే. కాని సున్నపు బట్టీలో చెప్పుకున్నది గుర్తు తెచ్చుకోండి, చర్యలో ఏదీ మాయమవదు. తినేసిన చక్కెర తిరిగి రాదు. పులిపించిన సూక్ష్మజీవులు చావవు. పైగా వాటిని అడ్డగించే పులుపు తగ్గినందువల్ల ఇంకా జోరుగా పెరుగుతాయి. పులుపు మనకొక హెచ్చరిక. సోడా పులిసిన పాలను బాగుచేయదు, హెచ్చరికను మాత్రం చెరిపేస్తుంది. ఆ క్యాను పాలు ట్యాంకరులో అందరి పాలతో కలుస్తాయి. చివరికి ఎవరి ఇంట్లోనో పసిబిడ్డ పాలసీసాలోకి చేరతాయి.

దాచినా దాగదు కూడా. ఆల్కహాలు, రోజాలిక్ ఆమ్లం వేస్తే మంచి పాలు గోధుమ రంగుకు తిరుగుతాయి, సోడా పాలు గులాబీ రంగుకు తిరుగుతాయి. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. పులుపుకు మందు సోడా కాదు. కడిగిన పొదుగు, వేడినీళ్ళతో తోమి ఎండబెట్టిన పాత్ర, పితికిన వెంటనే కేంద్రానికి చేర్చడం, ఇవే మందులు. క్యాన్ల బండి వేళ తప్పి రావడం వల్ల పాలు పులిస్తే ఆ తప్పు మీది కాదు. అప్పుడు సోడా కోసం వెతక్కండి, పాలకవర్గాన్ని నిలదీయండి.

దర్శి, పొదిలి, కనిగిరి నీళ్ళు

తేటనీటిలో అయాను కనపడదని ఇందాక అన్నాను. మన ప్రాంతంలో దీనికి ఖరీదు కట్టినవారున్నారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో కొత్త జిల్లాలో కలవకముందు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1930ల మొదట్లో అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుని కుంటడం గమనించారు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా మనుషుల్లో వెన్ను వంగిపోయే జబ్బును పరిశీలించి, కారణం తాగేనీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ బయటపడ్డ మొదటి సందర్భాల్లో అది ఒకటి. మనిషి కంటె ముందు ఎద్దు చెప్పింది, ఎద్దు సంగతి రైతు చెప్పాడు.

ఫ్లోరిన్ పరమాణువుకు 9 ఎలక్ట్రాన్లు. ఒకటి పుచ్చుకుని ఫ్లోరైడు అయాను అవుతుంది. మెట్ట ప్రాంతపు రాళ్ళలోని ఖనిజాల నుంచి బావుల్లోకి దిగుతుంది. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉంటే అది ఫ్లోరైడును పట్టుకుని కరగని సమ్మేళనంగా అడుగుకు దించుతుంది. కాల్షియం తక్కువై సోడా గుణం ఎక్కువైన నీటిలో పట్టుకునేవారు లేక ఫ్లోరైడు స్వేచ్ఛగా ఉండిపోతుంది.

ఒంట్లోకి వచ్చాక అది కాల్షియాన్నే వెతుక్కుంటుంది. ఎముకలో, పంటిలో కాల్షియంతోనూ భాస్వరంతోనూ పాటు నీటి నుంచి వచ్చిన హైడ్రాక్సిల్ అయాను ఒకటి ఉంటుంది. దానికీ ఒకటే రుణావేశం, ఫ్లోరైడుకూ ఒకటే. పరిమాణంలోనూ ఇంచుమించు సమానం. కుర్చీ ఖాళీ చేయించి కూర్చున్నట్టు ఫ్లోరైడు ఆ చోటులో కూర్చుంటుంది. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది. ఏళ్ళ తరబడి మితిమీరితే పళ్ళు గారపట్టినట్టు మచ్చలవుతాయి, కీళ్ళు బిగుస్తాయి, ఎముక మీద ఎముక పెరుగుతుంది. మన దేశపు ప్రమాణం లీటరుకు ఒక మిల్లీగ్రాము. వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు.

పశువుకూ ఇదే కష్టం. ముందుపళ్ళు మచ్చలు పడి త్వరగా అరుగుతాయి. మేత నమలలేదు. కుంటుతుంది. పాలు తగ్గుతాయి. మనం దాణాలో లోపమనుకుంటాం. ఒక్క ఊరట ఏమిటంటే, పశువు తాగిన ఫ్లోరైడు పాలలోకి చాలా స్వల్పంగానే దిగుతుంది. ఎక్కువ భాగం ఎముకలో నిలుస్తుంది, మూత్రంలో పోతుంది.

మరి ఏం చేయాలి? మరగబెడితే పోదు. పది లీటర్లు మరిగి ఎనిమిది లీటర్లయితే, పదింటి ఫ్లోరైడూ ఆ ఎనిమిదింటిలో ఉంటుంది. సున్నం ఒక్కటే వేస్తే చాలదు. కాల్షియం ఫ్లోరైడు కూడా కొద్దిగా కరుగుతుంది, ఆ కొద్దిలోనే లీటరుకు ఏడెనిమిది మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉండిపోతుంది. 1970లలో నాగపూరులోని నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే పద్ధతిని రూపొందించారు. దానికి నల్గొండ పద్ధతి అని పేరు. పటిక నుంచి పుట్టే జిగురుముద్ద ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఎంత వేయాలన్నది నీటి పరీక్ష చూసి నిర్ణయించాలి, గుప్పెడు లెక్కన కాదు. అడుగున మిగిలిన మడ్డి పశువులు తాగేచోట పారబోయరాదు. వాన నీరు, సాగర్ కుడికాలువ నీరు అందేచోట వాటినే తాగడానికి వాడుకోవడం మేలు. ఏ సంఘమైనా తన ఊరి బోర్ల నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపించి, వచ్చిన అంకెను పాలకేంద్రం గోడమీద రాయించవచ్చు. వెన్న శాతం రాసే చోటే అదీ రాయండి.

ఎరువుల కొట్టులోని సూపర్ ఫాస్ఫేటు చవకని పశువుకు లవణ మిశ్రమంగా పెట్టవద్దు. అందులో ఫ్లోరిన్ ఉంటుంది. దాణాకు తయారైన లవణ మిశ్రమంలో ఫ్లోరిన్‌కు హద్దు పెట్టారు. ఆ గుర్తు చూసి కొనండి.

చివరిగా ఒక విన్నపం

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్గొండ జిల్లా ఫ్లోరైడు గ్రామాల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోయిన పిల్లలను గురించి రాశారు. తిండిలో కాల్షియం తక్కువైన బిడ్డకు ఫ్లోరైడు మరింత కీడు చేస్తుంది. కాల్షియం తగినంత ఉంటే అది కడుపులోనే కొంత ఫ్లోరైడును పట్టుకుని బయటికి పంపేస్తుంది. బావిలో కాల్షియం చేసే పనే ఇది, చోటు మాత్రమే మారింది.

మన సంఘాల ఊళ్ళలో ఒక రివాజుంది. మిరప ధర పడినా, పత్తికి పురుగు పట్టినా ఇంటిని నడిపేది పాల డబ్బే. అందుకని పితికిన ప్రతి చుక్కా క్యానులోకే పోతుంది. పిల్లవాడికి మజ్జిగ నీళ్ళు, పెద్దలకు నల్ల టీ. నేను డెయిరీ ఉద్యోగిని. ఎక్కువ పాలు పోయండని చెప్పడానికే నాకు జీతమిస్తారు. అయినా ఈ మాట అంటున్నాను. ఫ్లోరైడు ఊళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళు కేంద్రానికి బయలుదేరే ముందు ఎదిగే బిడ్డకు ఒక గ్లాసు పాలు పక్కన తీసి పెట్టండి. ఆ ఒక్క గ్లాసు వల్ల మన క్యాను వెలితిపడదు.

సున్నపు రాయిలో ఉన్నదీ, గోడమీద ఉన్నదీ, గేదె రక్తంలో ఉన్నదీ, ఆ గ్లాసులో ఉన్నదీ ఒకటే కాల్షియం. అది ఎవరితో జతకట్టిందన్నదాన్ని బట్టి రాయి అవుతుంది, పాలవుతుంది, బిడ్డ ఎముక అవుతుంది. ఆ జతను కుదిర్చే పని కొంతవరకు మన చేతుల్లో ఉంది.

వెనక వరుసలోని పెద్దాయన నిద్రపోలేదని గమనించాను.